మూలుగ బొక్క

ఆ ఆదివారం పొద్దున మబ్బు అడవి మీంచి జారి వచ్చి, బొగ్గుగని పక్కన పోసిన మట్టిగుట్టల మీద కూర్చుంది. కురవలేదు. కదలలేదు.

సుజన కిటికీలోంచి దాన్నే చూస్తోంది. పదేళ్ళ పిల్ల. వెనక మంచం మీద ఏడేళ్ళ తమ్ముడు సాయికిరణ్ రెండో గుడ్డు తింటున్నాడు.

"పచ్చసొన వదలకు బిడ్డా" అంటోంది అమ్మ రోజారాణి.

సుజన ముందు మెత్తటి గంజన్నం ఉంది.

"నాకూ గుడ్డు కావాలె."

"నీకు పడదే. నిన్న కక్కలే?"

నిజమే, కక్కింది. అయినా గుడ్డు గుడ్డే.

ఉగాది దాకా ఇలా లేదు. మణుగూరు కాలనీలోని ఆ క్వార్టరుకు ఎవరొచ్చినా ముందు సుజననే పలకరించేవారు. ఆపిల్ పండ్లు ఆమె ఒళ్ళోనే పెట్టేవారు. తమ్ముడు తలుపు చాటు నుంచి చూసేవాడు.

ఉగాది వెళ్ళాక హైదరాబాదు దవాఖానాలో ఇంటిల్లిపాదికీ రక్తం తీశారు. కొన్నాళ్ళకు కాగితాలొచ్చాయి. తమ్ముడి కాగితం చూసి అమ్మ దవాఖానా మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. గనిలో డంపర్ నడిపే నాన్న శివకుమార్, ఏడేళ్ళవాణ్ణి చంటిపిల్లాడిలా భుజాన వేసుకున్నాడు. దించమంటే దించలేదు.

ఆ ఇంట్లో దిగిన క్యాన్సర్ పేరు ఎవరికీ నోరు తిరగదు. లక్షల మంది పిల్లల్లో ఏ ఒక్కరికో వస్తుందట. "పోరగాళ్ళకు ఏం చెప్పకే, బెదురుతరు" అని నాన్న, నానమ్మ జంపక్కతో అనడం సుజన వింది.

ఆనాటి నుంచి అన్నీ వాడివే. తెల్లారితే అమ్మ చెయ్యి ముందు వాడి నుదుటి మీదికే పోతుంది. వాడు దగ్గితే వంట ఆగిపోతుంది. భద్రాద్రిలో మొక్కు అని ఇద్దరికీ ఒకే రోజు గుండు కొట్టించారు. వాడి తల అప్పుడే వెంట్రుకలొచ్చి నల్లబడింది. అందులోనూ వాడే ముందు.

నైట్ షిఫ్ట్ దిగి నాన్న మటన్ పట్టుకొచ్చాడు. నానమ్మ కవరు విప్పి వేలితో కెలికింది.

"మూలుగ బొక్కలేవిరా?"

"ఐదున్నయే అమ్మా. మటన్ కొట్టేటాయన్ని బతిమాలి ఏయించిన."

"ఐదూ మనుమనికే. ఇంకెవ్వరూ ముట్టొద్దు."

"నాకొక్కటి, నానమ్మా."

"నువ్వడగకే తల్లీ" అని నానమ్మ మొహం అటు తిప్పుకుంది.

ఆ ఇంట్లో మూలుగ బొక్క ఎప్పుడూ సుజనదే. కంచం అంచుకు టక్కున కొట్టి లోపలిది జుర్రుకోవడం తమ్ముడికి నేర్పిందే ఆమె.

పదకొండింటికి వాన మొదలైంది. అమ్మ సంచిలో బట్టలు సర్దుతోంది. "ఎల్లుండి హైదరాబాదు పోవాలె. అప్పటిదాంక వానికి పడిశం గూడ రావొద్దు దేవుడా" అంది. పొద్దుటి నుంచి అది ఎన్నోసారో.

ఆ మాట సుజన పట్టుకుంది. పడిశం వస్తే వీడు పోడు. వీడు పోకపోతే వీడి గొప్పంతా పోతుంది.

ఇద్దరినీ గడప దాటొద్దంది అమ్మ. సుజన తమ్ముడి చెవి దగ్గరికి వంగింది.

"సాయిగా, నేరేడు పండ్లు తినబుద్ధయితాందిరా."

"వానొస్తాంది గదక్కా."

"నీకు భయం. అమ్మ కొంగు వదలవు నువ్వు."

"నాకేం భయం! ఎన్ని కావాలె?"

"జేబు నిండ."

వాడు ఉరికాడు. అక్క వాడితో మాట్లాడి పది రోజులైంది. కంచె అవతల, అడవి మొదలయ్యే చోట, నేరేడు చెట్టు కింద వంగి వంగి ఏరుతున్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. కిటికీలోంచి చూస్తే సుజనకు కాసేపు హాయిగా ఉంది. వాడు చెయ్యి ఊపినప్పుడు మాత్రం కొంచెం తగ్గింది.

అమ్మ చూసింది. చెప్పుల్లేకుండా పరుగెత్తి వాణ్ణి ఎత్తుకొచ్చింది. పళ్ళు టకటకలాడుతున్నా వాడు జేబు తెరిచి చూపించాడు.

"అక్క అడిగింది."

అమ్మ చెయ్యి సుజన మీదికి లేచింది. చెంప దాకా వచ్చి గాలిలోనే ఆగిపోయింది.

"వానికి జరమొస్తే ఏందే గతి, పిచ్చిదానా?"

"రానీ! అన్నీ వానికేనాయె. జరం గూడ వానికే రానీ!"

అమ్మ పండ్లు కింద పోసి, తువ్వాలతో వాడి తల తుడుస్తూ గోడ వైపు తిరిగింది. తుడవడం అయిపోయాక కూడా చాలాసేపు తుడుస్తూనే ఉంది.

మధ్యాహ్నం అందరూ కింద వరసగా కూర్చున్నారు. సుజన కంచంలో పప్పుకట్టు కలిపిన మెత్తటి అన్నం. వాడి కంచంలో ఐదు బొక్కలు. వాడొకటి తీసి, అక్క నేర్పినట్టే కంచం అంచుకు కొట్టి, మెల్లగా అక్క వైపు జరిపాడు. నానమ్మ దాన్ని తిరిగి వాడి కంచంలోనే వేసింది.

సాయికిరణ్ తుమ్మాడు.

పెద్దవాళ్ళ ముగ్గురి చేతులూ ఆగాయి. మళ్ళీ తుమ్మాడు. ఎవరూ వాడి వైపు చూడలేదు. ముగ్గురూ సుజననే చూశారు. తర్వాత తలలు దించుకుని తినసాగారు.

హైదరాబాదు డాక్టర్లు వాడి తుంటి ఎముకలోంచి, సరిపోయిందని కాగితంలో తేలిన మూలుగ తీసి ఎక్కించబోయేది, క్యాన్సర్ ఉన్న సుజనకే.