తీగలు విప్పిన గిటారు

గిటార్లు బాగుచేసే మేస్త్రీకి నా అనేవాళ్ళు లేరు, కొట్లోనే పడక. ఆ సాయంత్రం ఒకావిడ పన్నెండు తీగల ఎలక్ట్రిక్ గిటారు తెచ్చి, "మా తమ్ముడిదండీ. వాడు పోయాక దీని మెడ వంగిపోయింది," అంది.

రాత్రి అతను తీగలన్నీ విప్పేసి, మెడలోని ఇనుప కడ్డీని కాస్త బిగించి, గిటారును బల్లమీద పెట్టి లైటు ఆర్పాడు.

కన్ను మూతపడుతుండగా తీగ మోగింది. ఎవరో శ్రుతి చేస్తున్నట్టు స్వరం మెల్లగా పైకి పోతోంది. లేచి లైటు వేశాడు. చప్పుడు ఆగిపోయింది. విప్పిన తీగలు విప్పినట్టే పక్కన చుట్టలుగా ఉన్నాయి. గిటారు మెడ మీద చెయ్యి వేస్తే, అప్పుడే ఎవరో వదిలినట్టు వెచ్చగా తగిలింది.

తలుపు దాకా పరిగెత్తాడు. వీధిలో నరమానవుడు లేడు. కాసేపు గడప మీదే నిలబడి, వెనక్కి వచ్చి లైటు ఆర్పాడు.

మళ్ళీ మోగింది.

"ఇంకాస్త బిగించు బాబూ," అన్నాడు మేస్త్రీ చీకట్లోకి.

స్వరం కాస్త పైకి జరిగింది.