తెలిసిన చప్పుడు

బళ్ళనూ జనాన్నీ దాటించే పంటు సరిగ్గా ఏటి మధ్యకు వచ్చేసరికి ఇంజనులో చప్పుడు మొదలైంది. టక్, టక్, టక్.

లోవరాజు గుండె జారిపోయింది. ఎందుకు జారదు? పాత లారీలోంచి ఊడదీసి, ఈ పంటుకు బిగించుకోమని ఆ ఇంజను అమ్మిన మెకానిక్కు తనే. లోపల బేరింగు అరిగి టకటకమంటుంటే, బయటికి వినబడకుండా చిక్కటి గేరాయిలు పోసి, వేడెక్కేలోపు ఆపేసి, “పిల్లిలా నడుస్తుందండి” అని అంటగట్టాడు. ఆనాటి నుంచి మళ్ళీ ఈ రేవు మొహం చూడలేదు. నరసాపురంలో పనిపడితే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళేవాడు. ఇవాళ భార్య వీరవేణి ఆ ఆటలు సాగనివ్వలేదు. తన తమ్ముడి గృహప్రవేశం ముహూర్తానికి అందాలంటే పంటే దిక్కని, మోటారు సైకిలును దగ్గరుండి రేవులోకి దింపించింది.

చుక్కాని పట్టిన సరంగు విజయ్ పాల్ ఇంజను గదివైపు వంగి, ఏంటా చప్పుడని అడిగాడు. అక్కడ పనిచేసే చిట్టియ్య లోపలే ఉన్నాడు. ఇంజనులోంచే వస్తోందనీ, తనకేమీ అంతుపట్టడం లేదనీ కిందనుంచే కేకేశాడు.

పంటు మీద రెండు ఆటోలు, ఒక కొబ్బరికాయల వ్యాను, ముప్పై మంది జనం ఉన్నారు. అందరూ మొహమొహాలు చూసుకున్నారు. వీరవేణి ఒక్కతే ధీమాగా ఉంది. లారీ వీధి మలుపులో ఉండగానే మా ఆయన దాని రోగం చెప్పేస్తారని పక్కనున్న ఆడవాళ్ళకు గొప్పలు చెప్పింది. అంతటితో ఊరుకుందా, సరంగును పిలిచి మరీ మొగుణ్ణి చూపించింది.

విజయ్ పాల్ చుక్కాని వదలకుండా నమస్కారం పెట్టాడు.

“దేవుడల్లే దొరికారండి మేస్త్రిగారూ. ఒక్కసారి కిందకి దిగి చూద్దురూ.”

లోవరాజు కదల్లేదు. దిగితే నిజం చెప్పాలి. చెబితే ఇన్నాళ్ళ పేరు ఏట్లో కలిసిపోతుంది. ఊరుకుంటే రాడ్డు విరిగి ఇంజను పట్టేస్తుంది. ఆటు మీదున్న గోదారి పంటును సముద్రం వైపు ఈడ్చుకుపోతుంది. దుకాణంలో అయితే టీ తాగొస్తానని జారుకునేవాడు. ఇక్కడ ఎటు చూసినా నీళ్ళే. తనకు ఈత వచ్చు, వీరవేణికి రాదు.

“డీజిల్లో గాలి చేరుంటుందండి. ఒడ్డుకెళ్ళాక చూద్దాం,” అన్నాడు.

విజయ్ పాల్ సరేనని ఇంజను జోరు పెంచాడు. చప్పుడు కూడా దానితో పాటు పరుగందుకుంది. మధ్యలో ఒకసారి ఆగితే లోవరాజు ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరి వదిలేలోపే మళ్ళీ మొదలైంది, ఈసారి ఇంకాస్త గట్టిగా. కొబ్బరికాయల వ్యాను డ్రైవరు చొక్కా విప్పి నడుముకు కట్టుకున్నాడు.

వీరవేణి గొప్పలు ఎప్పుడు ఆగిపోయాయో లోవరాజు గమనించలేదు. వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

“ఏవండీ, మీరుండగా మనకేం అవదు కదా?”

చప్పుడు తట్టుకున్నాడు గాని, ఆ మాట తట్టుకోలేకపోయాడు.

“ఇంజను ఆపెయ్ విజయ్ పాలూ. లంగరు వెయ్యి.”

“అదేంటండి, చూడకుండానే?”

“చూడక్కర్లేదు. బేరింగు పోయింది. నీకు అమ్మిన రోజే తెలుసు నాకు. గేరాయిలు పోసి దాచాను. ఇంకో నాలుగు నిమిషాలు తిరిగితే రాడ్డు విరుగుద్ది. ఆపు బాబూ, నీకు దణ్ణం పెడతాను.”

వీరవేణి మెల్లగా అతని చెయ్యి వదిలేసి, వెళ్ళి ఆడవాళ్ళ పక్కన నిలబడింది. ఇంతకంటే మునిగిపోయినా బాగుండేదనిపించింది లోవరాజుకు.

విజయ్ పాల్ ఇంజను ఆపలేదు, లంగరూ వెయ్యలేదు. మడమతో కాళ్ళ కింది చెక్కను రెండుసార్లు తన్నాడు. చప్పుడు ఠక్కున ఆగిపోయింది. ఇంజను మాత్రం హాయిగా నడుస్తూనే ఉంది.

“ఈ మాట మీ నోటితో, నలుగురిలో వినాలనేనండి. మీరమ్మింది పోయిన నెలే నిండు జనంతో ఇక్కడే పట్టేసింది. తీసి గట్టు మీద పడేశాం,” అంటూ అతను ఇంజను గది మూత ఎత్తాడు.

కొత్త ఇంజను పక్కనుంచి, చేతిలో సుత్తితో, చెమట తుడుచుకుంటూ చిట్టియ్య పైకి వచ్చాడు.