నీళ్లదాకా ఎంత దూరం

“రంగులు నాకెందుకు తమ్మీ? నీళ్లు ఎంత దూరమున్నయో చెప్తదా, చెప్పదా?” అంటూ ఉమారాణి చేతిలోని యంత్రాన్ని గాజు బల్ల మీద పెట్టేసింది.

అరుణ్‌కుమార్ దాన్ని మళ్లీ ఆమె ముందుకు జరిపాడు. కరీంనగర్‌లో గోల్ఫ్ సామాను అమ్మేది తానొక్కడేనని, హైదరాబాద్ వెళ్లి ఆడే గ్రానైట్ సేట్లందరూ ఇక్కడే కొంటారని అప్పటికే రెండుసార్లు చెప్పాడు. అరచేతిలో పట్టే జీపీఎస్ అది. బంతి దగ్గర నిలబడి చూస్తే చాలు, జెండా ఎన్ని గజాల దూరంలో ఉందో చూపిస్తుంది. వానలో తడిసినా ఏమీ కాదు.

“జెండా సంగతి నాకొద్దు. అది ఆయనకు కండ్లముందే కనవడ్తది.”

ఆయనంటే ఆమె భర్త ప్రేమ్‌సాగర్. గోదావరి ఒడ్డున బొగ్గుగని కాలనీలో ఇంజినీరు. దుకాణం ముందే కారులో కూర్చుని ఉన్నాడు. లోపలికి రమ్మంటే, ఏది తెచ్చినా ఒకటే అన్నాడట. పెళ్లిచూపులనాడూ ఇదే మాట అన్నాడని ఉమారాణి చెబితే అరుణ్‌కుమార్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

గోల్ఫ్ గురించి ఆమెకు తెలిసిందల్లా ప్యాంటుకు అంటిన గడ్డి మరక ఏ సబ్బుకు వదులుతుందన్నదే. ఆట తండ్రీకూతుళ్లది. కాలనీ గ్రౌండుకు తండ్రిని చెయ్యి పట్టి లాక్కెళ్లింది నిఖితే. ఆయన బంతి పోయి నీళ్లలో పడ్డప్పుడల్లా, గోదారమ్మకు ఇంకోటి చెల్లించినవా బాపు అని ఏడిపించేది.

“అంటే సార్‌కు నీళ్ల దిక్కు కొట్టే అలవాటున్నదన్నమాట,” అని రోగం కనిపెట్టిన డాక్టరులా తలూపాడు అరుణ్‌కుమార్.

“ఆరో గుంత నది పక్కనే. ఆడికి రాంగనే ఆయన బాల్ గోదావరి దిక్కే పోతది. ఒడ్డు మీద ఇసుకల పడ్డనాడైతే ఇంటికొచ్చి అన్నం గూడ ముట్టడు.”

ఇసుకలోంచి బంతిని బయటికి కొట్టడం ఎంత కష్టమో, దానికి పెద్దపెద్ద ఆటగాళ్లే ఎంత పరేషాన్ అవుతారో అరుణ్‌కుమార్ వివరంగా చెప్పుకొచ్చాడు. ఉమారాణి అడ్డు చెప్పకుండా విని, కాళ్ల దగ్గరి సంచీని సర్దుకుంది. తెల్లవారితే పెత్రామాస, పితృదేవతల అమావాస్య. పెద్దలకు బియ్యం ఇవ్వడానికి కొన్న కూరగాయలతో సంచీ నిండి, గుమ్మడికాయ పైకి తొంగిచూస్తోంది. మార్కెట్లో ఇసుకేస్తే రాలడం లేదని, పోయినవాళ్ల పేరు చెప్పి ఉన్నవాళ్లు చిక్కుడుకాయ దగ్గర కొట్టుకుంటున్నారని చెప్పింది.

అరుణ్‌కుమార్ ఇంట్లోనూ అదే హడావుడి. తాత పేరుమీద ఉడకబెట్టిన గుడాలు, కల్లు పెట్టకపోతే కాకి వాలదట.

“అంతే గద. ఎవలకేది ఇష్టమో అదే వెట్టాలె,” అంది ఉమారాణి.

బల్ల కిందినుంచి అతను ఇంకో యంత్రం తీశాడు. నల్లగా, లావుగా, పాతకాలపు ఫోనులా బటన్లతో ఉంది. ఇది నీళ్లు, ఇసుక గుంతలు, అన్నీ చెబుతుందన్నాడు. మైదానాల జాబితాలో కాసేపు వెతికి పెదవి విరిచాడు.

“మీ కాలనీ గ్రౌండ్ చిన్నది గద మేడమ్, దీంట్ల ఎక్కలే. ఏం ఫికర్ లేదు. సార్ ఒక్కసారి నీళ్ల అంచుకు పోయి, నిలవడి, గీ బటన్ ఒత్తితే గా జాగ యాదివెట్టుకుంటది. ఇగ ఏడికెల్లి చూసినా దూరం చెప్తది.”

ఉమారాణి ముఖంలో నవ్వు ఆగిపోయింది.

“ఆయన నీళ్ల దగ్గరికి పోడు.”

“బురద ఉంటదా మేడమ్?”

“బురదనే అనుకో. నేను పోత. ఎట్ల ఒత్తాల్నో నాకు సూపెట్టు.”

అతను చూపించాడు. బల్ల దగ్గర నిలబడి ఆమె బటన్ నొక్కింది. దుకాణం మెట్లు దిగి, రోడ్డు మీదికి నడిచింది. అడుగు వేసిన కొద్దీ తెర మీద అంకె పెరుగుతూ వచ్చింది. కారు దగ్గర ఆగి, దాన్ని అద్దంలోంచి భర్తకు చూపించింది.

ప్రేమ్‌సాగర్ చాలాసేపు ఆ అంకెనే చూశాడు.

“నీళ్లదాకా చెప్తదా?”

“చెప్తది. పొద్దుగూకకముందే పోయి నేనే గుర్తువెట్టొస్త.”

ఆయన శుభ్రంగానే ఉన్న కారు అద్దాన్ని లోపలినుంచి రుమాలుతో తుడవడం మొదలుపెట్టాడు.

ఉమారాణి లోపలికి వచ్చి నల్లదే ఖాయం చేసింది. బ్యాటరీలు వేయించుకుంది. వెళ్లబోతూ వెనక్కి తిరిగి, గోల్ఫ్ బంతులు కూడా ఒక డబ్బా ఇమ్మంది.

అరుణ్‌కుమార్ డబ్బా తీసిచ్చాడు కానీ అతని మనసొప్పలేదు. వ్యాపారి అయినా న్యాయం న్యాయమే.

“గీ మిషన్ ఉండంగ బాల్స్ ఎందుకు మేడమ్? దూరం తెలుస్తది గద, ఇగ సార్ కొట్టింది ఒక్కటి గూడ నీళ్లల్ల పడదు.”

ఉమారాణి డబ్బాను సంచీలో గుమ్మడికాయ పక్కన, బియ్యం మూట మీద జాగ్రత్తగా పెట్టింది.

“పడాలె తమ్మీ. పోయిన పెత్రామాసకు అన్నీ ఇసుకలనే పడ్డయి, మా నిఖితకు ఒక్కటి గూడ అందలే.”