విశ్రాంతి తర్వాత

లైట్లు వెలిగేసరికి మాస్టారి గడ్డం చొక్కా గుండీకి ఆని ఉంది.

ఆయన చటుక్కున నిటారుగా కూర్చున్నారు. ఎదురుగా తెర నల్లగా ఉంది. చెవుల్లో ఓ ఆడపిల్ల కేక ఇంకా గింగురుమంటోంది. ఆయన్ను లేపింది ఆ కేకే. విశ్రాంతికి ముందు కూడా అచ్చం ఇలాగే, సినిమాలో పాప పాత క్వారీ గోతి అంచున కాలు జారి కేక వేయడం, తెర నల్లబడటం చూశారు. అందాకా బాగానే మేలుకున్నారు. ఆ తర్వాతే సెన్సారు కమిటీ వారి భోజనం, మెత్తటి కుర్చీ, చల్లటి చీకటి గది కలిసి కుట్ర పన్నాయి. ఈసారి ఎవరు పడ్డారో పాపం, అనుకున్నారు.

క్లాసులో కునికిపాట్లు పడిన పిల్లలను ఉద్యోగం చేసినన్నాళ్లూ బెంచీ ఎక్కించిన మనిషి. ఇప్పుడు ఆయన్ను ఎక్కించేవాళ్లు లేరు గానీ, సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

సినిమా మొదలుపెట్టి టీకి వెళ్లిన ఆపరేటరు అప్పుడే వచ్చి లైట్లు వేశాడు. చూసినవాళ్లు నలుగురు. అధ్యక్షులు, లాయరు, డాక్టరమ్మ, మాస్టారు.

"ఏ సర్టిఫికెట్ ఇద్దాం?" అధ్యక్షులు కళ్లద్దాలు తుడుచుకుంటూ అడిగారు. "మాస్టారూ, పిల్లల సంగతి మీకే బాగా తెలుసు. మీరు చెప్పండి."

చూడనిదాన్ని పిల్లల మీదకు వదిలితే రేపు మాట పడాలి. వద్దంటే అడిగే నాథుడుండడు. మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"పెద్దలకు మాత్రమే అని ఇద్దాం. ఆ చివరి కేక పిల్లలు తట్టుకోలేరు."

"నా మనసులో మాట చెప్పారు," అన్నాడు లాయరు. "రెండో సగం మరీ శ్రుతి మించింది."

"ఆ ముగింపు చూస్తే పిల్లలకు నిద్ర పట్టదు," అంది డాక్టరమ్మ.

మాస్టారికి ప్రాణం లేచి వచ్చింది. చీకట్లో విసిరిన రాయి గురి తప్పలేదన్నమాట.

మర్నాడు దర్శకురాలు కమిటీ ఆఫీసుకు పరుగున వచ్చింది. చిన్న వయసు, ఇదే మొదటి సినిమా.

"పిల్లల కోసం తీశాను సార్. ఈ సర్టిఫికెట్‌తో స్కూళ్ల వాళ్లకు వేసే ఆటలు పోయినట్టే. పిల్లల్ని రానివ్వకపోతే వాళ్లను తీసుకొచ్చే అమ్మానాన్నలూ రారు. టీవీ వాళ్లు అప్పుడే వద్దన్నారు. శుక్రవారంలోగా సర్టిఫికెట్ మారకపోతే థియేటర్లు వేరే సినిమాకు ఇచ్చేస్తానంటున్నాడు డిస్ట్రిబ్యూటరు. ఏ సీన్ తీసేయమంటే అది తీసేస్తాను."

"ముగింపులో ఆ కేక," అన్నాడు లాయరు.

"ముగింపులో కేకా?" ఆమె తెల్లబోయింది.

"మీ సినిమా మీకే గుర్తు లేకపోతే ఎలాగమ్మా?"

ఆమె సాయం కోసం మాస్టారి వంక చూసింది. మాస్టారు బల్ల మీది గీతలు పరీక్షగా చూస్తూ కూర్చున్నారు. "మళ్లీ ఒకసారి చూసుకుంటాను," అని ఆమె వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మనవరాలు పక్కన చేరింది.

"తాతయ్యా, మేం ఎటూ చూడకూడదటగా. కథైనా చెప్పు. ట్రైలర్‌లో గోతిలో పడ్డ పాప బతుకుతుందా?"

మాస్టారు పేపరు తిరగేయసాగారు.

"నువ్వు చూశావుగా?"

"పెద్దయ్యాక నువ్వే చూద్దువుగాని," అన్నారు. పిల్ల ఆయన మొహంలోకి చూసి లేచి వెళ్లిపోయింది. ఆయనకు పాప బతికిందో లేదో తెలియకుండానే ఆ సినిమాను చంపేశాననిపించింది.

గురువారం కమిటీ మళ్లీ కూర్చుంది. మాస్టారు లేచి నిలబడ్డారు. క్లాసులో తప్పు ఒప్పుకునే పిల్లలు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక ఎందుకలా నలిగిపోయేవారో ఆయనకు ఇప్పుడు అర్థమైంది.

"ఆ రోజు నేను నిద్రపోయాను. రెండో సగం చూడలేదు. చూసినట్టు నటించి చెప్పాను. నా మాట కొట్టేయండి."

డాక్టరమ్మ జాలిగా తలాడించింది.

"ఈ వయసులో మామూలే లెండి."

"మామూలేంటండీ?" లాయరు కస్సుమన్నాడు. "ఒకరి కష్టం మన చేతుల్లో పెడితే కునుకు తీస్తారా? సరే, మీరు పడుకున్నా మేం ముగ్గురం ఉన్నాం. కళ్లల్లో ఒత్తులు వేసుకుని చూశాం. సర్టిఫికెట్ మారదు."

అధ్యక్షులు నిట్టూర్చారు. "మాస్టారూ, మీరిక ఇంటిపట్టున ఉంటేనే మర్యాద."

మాస్టారు తలొంచుకుని సంచీ అందుకున్నారు. తన పరువు పోతే పోయింది, ఆ అమ్మాయి సినిమా కూడా దక్కలేదు.

అప్పుడే తలుపు తోసుకుని దర్శకురాలు వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. చేతిలో కమిటీకి పంపిన సినిమా డ్రైవ్ ఉంది.

"మిమ్మల్ని మనసులో నానా మాటలూ అనుకున్నాను సార్, క్షమించాలి," అంది అందరినీ చూస్తూ. "ముగింపులో కేక ఎక్కడుందో తెలియక, మీ ఆపరేటరు దగ్గర్నుంచి ఈ కాపీ తీసుకెళ్లి చూశాను. తప్పు మావాళ్లదే."

"ఏం తప్పు?" అన్నారు అధ్యక్షులు.

"ఇందులో మొదటి సగమే రెండుసార్లు ఉంది."