ఐదు దాటని ఓరిన్

"వాడి దగ్గరికి ఎవరూ పోకండి. పక్కన కూర్చోకండి. ఎవడైనా నోరు మెదిపాడో, ఊరుకోను" అన్నాడు కోచ్ వెర్న్, గొంతు బాగా తగ్గించి.

బెంచీ మీదున్న ఆటగాళ్ళు బిత్తరపోయారు. వెర్న్ గొంతు తగ్గించడం వాళ్ళెవరూ చూసి ఎరగరు.

తొమ్మిది ఇన్నింగ్స్‌ల బేస్‌బాల్ ఆటలో రెండోది అప్పుడే ముగిసింది. బంతి విసిరే పిచర్ ఓరిన్ బెంచీ చివర ఒంటరిగా కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు.

"అదేంటి కోచ్? అవతలివాళ్ళు ఒక్క హిట్టూ కొట్టనప్పుడు కదా పిచర్‌తో మాట్లాడకూడదు?" అన్నాడు క్యాచర్ గస్. "ఇందాక మన ఫీల్డర్ డ్వేన్ చేతిలోంచి జారిన బంతిని, స్కోరు రాసే మర్నా హిట్టనే తేల్చిందిగా!"

"తేల్చింది. పైన స్కోరు గదిలోంచి ఒక హిట్టని వేలెత్తి మనకు చూపించింది. స్కోరుబోర్డు మీద హిట్ల దీపం మాడిపోయి ఉంది. వాడికెలా తెలుస్తుంది? హిట్టు కాదు, డ్వేన్ తప్పు కింద రాశారనుకుంటాడు. అనుకోనీ."

గస్‌కి విషయం బుర్రకెక్కింది. పిచర్ ఒక్క హిట్టూ ఇవ్వకుండా ఆడుతుంటే సొంత జట్టే అతనికి ఆమడ దూరంలో ఉంటుంది. ఆ మాట పైకి అంటే అదృష్టం తిరగబడుతుందని మినెసోటాలో పసిపిల్లలకు కూడా తెలుసు. అందరూ మొహం చాటేస్తే, తన ఆట అంత గొప్పగా సాగుతోందనే ఓరిన్ నమ్ముతాడు.

"మోసం కదా కోచ్?"

"మోసమే. ఇంతకంటే మంచి ఉపాయం నీ దగ్గరుంటే చెప్పరా."

పాల ట్యాంకర్ నడుపుకునే ఓరిన్ చేతిలో ఉన్న వేగం ఆ చుట్టుపక్కల ఏ ఊరి జట్టులోనూ లేదు. కానీ ఐదో ఇన్నింగ్స్ వచ్చిందంటే చాలు, ఆ చెయ్యి అతనిది కాకుండా పోయేది. వెర్న్ పరుగున మైదానంలోకి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి ధైర్యం చెప్పేవాడు. ఊరి పరువు గుర్తుచేసేవాడు, చనిపోయిన తాతను గుర్తుచేసేవాడు, బొటనవేలు ఎక్కడ పెట్టాలో చూపించేవాడు. మిగతావాళ్ళూ చుట్టూ మూగి తలా ఒక సలహా ఇచ్చేవారు. అయినా ఆట చేజారేది. 'ఐదు దాటని ఓరిన్' అని పేరు స్థిరపడిపోయింది.

ఈరోజు గెలిస్తే హాలింగ్ ఊరి జట్టు ఇన్నేళ్ళకు రాష్ట్ర పోటీలకు వెళుతుంది. ఓడితే ఓరిన్‌కి ఇదే ఆఖరి ఆట. ఆ సంగతి కమిటీ వాళ్ళు అతని మొహం మీదే చెప్పేశారు.

నాలుగో ఇన్నింగ్స్‌లో గస్ పుణ్యమా అని హాలింగ్‌కి ఒక్క పరుగు వచ్చింది. ఐదోది మొదలైంది.

"ఓరినూ, టైమైందిరోయ్!" అవతలి బెంచీ నుంచి కేకలు. "ట్యాంకర్‌లో పాలు విరిగిపోతున్నాయి, పో!"

మొదటి బ్యాటర్ నడుచుకుంటూ మొదటి బేస్ చేరాడు, నాలుగు బంతులూ దారి తప్పాయి మరి. వెర్న్ లేచి నిలబడ్డాడు. పక్కనున్న అదనపు ఆటగాడు డేరిల్ అతని బెల్టు పట్టుకుని కిందికి లాగాడు.

"ఒక్క మాట చెప్పి వచ్చేస్తానురా!"

"కూర్చోండి కోచ్! మీరేగా వద్దన్నది?"

వెర్న్ టోపీ నోట్లో కుక్కుకుని కూర్చున్నాడు. ఓరిన్ ఒకసారి బెంచీ వైపు చూశాడు. అందరూ చటుక్కున ఆకాశంలోకి, బూట్లలోకి చూపులు తిప్పుకున్నారు. అతను తల తిప్పుకుని, నింపాదిగా ఊపిరి పీల్చుకుని బంతి విసిరాడు. ముగ్గురు బ్యాటర్లు ఒకరి తర్వాత ఒకరు గాలిని కొట్టి వెనక్కి పోయారు.

అవతలి బెంచీలో కేకలు ఆగిపోయాయి. ఆరు దాటింది. ఏడు, ఎనిమిది కూడా దాటాయి. పచ్చిక గట్టు మీద మొక్కజొన్న పొత్తులు కొరుకుతున్న జనం కొరకడం మానేసి లేచి నిలబడ్డారు. వెర్న్ మాత్రం నోట్లోంచి టోపీ తియ్యలేదు. ఎవడైనా నోరు జారితే? వాడికి తెలిసిపోతే?

ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్. ఇద్దరు అవుట్. చివరి బ్యాటర్ నేలబారుగా బలంగా కొట్టాడు. డ్వేన్ పక్కకు దూకాడు. దుమ్ములో బోర్లా పడి, మోకాళ్ళ మీదే లేచి మొదటి బేస్‌కి విసిరాడు.

"అవుట్!"

హాలింగ్ మొత్తం మైదానంలోకి ఉరికింది. హారన్లు మోగాయి, బీరు వర్షంలా కురిసింది. ఐదు దాటని ఓరిన్‌ని భుజాల మీదికెత్తుకుని ఊరేగించారు. కమిటీ పెద్ద అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు. వెర్న్ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఇన్నేళ్ళ కోచ్ బతుకులో తాను వేసిన అతి గొప్ప ఎత్తు ఇదేనని అతని ఛాతీ ఉప్పొంగింది.

అంతలో పైన మర్నా మైకు తీసుకోవడం కనిపించింది. ఇప్పుడు లెక్కలు చదువుతుంది. వెర్న్ జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఓరిన్‌ని పక్కకు లాగాడు.

"ఒరేయ్, నీకొకటి చెప్పాలి. తిట్టుకోకు. నీ మంచికే చేశాం. రెండో ఇన్నింగ్స్‌లో డ్వేన్ వదిలిన బంతి..."

"హిట్టే కదా?" అన్నాడు ఓరిన్.

వెర్న్ నోరు తెరుచుకుంది. "నీకు తెలుసా?"

"మర్నా వేలెత్తినప్పుడు నేనూ చూశాను కోచ్."

"మరి అప్పుడే చెప్పలేదేంరా, గాడిదా?"

ఓరిన్ మొహం తుడుచుకుంటూ నవ్వాడు.

"చెబితే మీరు మళ్ళీ ధైర్యం చెప్పడం మొదలుపెడతారుగా!"