కళ్లు మూసిన బొమ్మ

పాత రోమన్ శిల్పాలంటే పడిచచ్చే పండితుడు లత్తాంజియో, కొత్తగా దొరికిన పాలరాతి తలకి నూనె పూసి, ప్లాస్టర్‌తో అచ్చు తీశాడు. ఫ్లోరెన్సులో చనిపోయినవాళ్ల ముఖాలకి తీసే పద్ధతే. అచ్చులో పోసిన బొమ్మ ఊడొచ్చేసరికి చీకటి పడింది.

బొమ్మ కళ్లు మూసుకుని ఉంది.

రాతి తలని తడిమి చూశాడు. దాని కళ్లు తెరిచే ఉన్నాయి. మళ్లీ తడిమాడు. తెరిచే ఉన్నాయి.

భార్య ఒర్సీనా దీపం తెచ్చి, బొమ్మని చూసి గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. "ఎవరండీ, పాపం, పోయింది?"

"ఎవరూ పోలేదే! ఇది ఆ రాతి ముఖమే."

"నా చెవిలో పువ్వు పెట్టకండి." ఆమె వంగి, బొమ్మ రెప్ప దగ్గర గోటితో గీకి, సన్నగా ఏదో పైకి తీసింది. "రాతికి రెప్పవెంట్రుక ఎక్కడిదండీ?"

లత్తాంజియో రాతి తలవైపు తిరిగాడు. ఈసారి తడమడానికి చెయ్యి రాలేదు.