గంట రెండుసార్లు మోగితే

సువార్త స్టీలు గ్లాసు మీద చెంచాతో రెండుసార్లు కొట్టింది.

"చెప్పుండ్రి. రెండు కొడితే?"

"దించు," అన్నాడు మత్తయి.

"మూడు?"

"లేపు."

"ఒక్కటి?"

"ఆపు. ఇగ చాలు సువార్తా. పొద్దుటి సంది గదే."

ఆమెకు చాలలేదు. ఆ గ్లాసు పెళ్లి చదివింపుల్లో వచ్చింది. దాని మీద ఇద్దరి పేర్లూ చెక్కించారు. కొట్టినప్పుడల్లా రెండు పేర్లూ కలిసి మోగినట్టుంది ఆమెకు. డిగ్రీ పరీక్షలకు కూడా ఇంత సరదాగా చదవలేదు.

మత్తయి నవ్వడం లేదు. ఉప్మా పళ్లెంలో వేళ్లు ఆడిస్తున్నాడు. రాత్రంతా అటూ ఇటూ దొర్లాడు. నిద్రలో కూడా "రెండు దించు, మూడు లేపు" అని ఎవరికో చెబుతున్నట్టు గొణిగాడు.

అతను బొగ్గుబాయిలో ఇంజన్ డ్రైవరు. కూలీలు నిలబడిన ఇనుప పంజరాన్ని తాడు మీద బాయి అడుగుకు దించి, షిఫ్టు అయ్యాక పైకి లేపడం అతని పని. ఈ మధ్యే పక్క బాయిని మూసి, అక్కడివాళ్లందరినీ ఈ బాయిలో కలిపారు. అప్పటినుంచి గొడవే. వాళ్ల డ్రైవరు దించితే మేం ఎక్కమని వీళ్లు, వీళ్ల డ్రైవరు దించితే మేం ఎక్కమని వాళ్లు. చివరికి యూనియన్ వాళ్లూ దొరలూ కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. డ్రైవర్లందరికీ మళ్లీ పరీక్ష. పంజరంలో ఇసుక బస్తాలు పెట్టి కాదు. ఒక బాయి డ్రైవరు ఇంజన్ నడుపుతుంటే రెండో బాయి డ్రైవరు పంజరంలో నిలబడాలి. తప్పినవాడు ఇక బాయి అడుగున బొగ్గు టబ్బులు నెట్టుకోవలసిందే.

మొదటి జోడీ మత్తయి, పక్క బాయి రాయమల్లు. ఈ రోజే.

"మత్తయీ, పోదామా?"

వాకిట్లో రాయమల్లు నిలబడి ఉన్నాడు. నెత్తి మీద ఒక్క వెంట్రుక కూడా లేని పెద్దమనిషి. సువార్త ఆయన్ను కూర్చోబెట్టి చాయ ఇచ్చింది. ఆయన చేతిలో సాసరు గలగలలాడి సగం చాయ గచ్చు మీద పడింది.

"పంజరంల నిలబడాలంటే భయమైతుందా కాకా?"

రాయమల్లు మత్తయి వైపు చూశాడు. మత్తయి తల దించుకున్నాడు.

"భయమే బిడ్డా. ఎవలి పానమైనా పానమే గద."

"మా ఆయన చేతి కింద ఎవలికేం గాదు. నిండు బిందె దించినట్టు దించుతడు."

"ఎరికే. మంచి చెయ్యి."

ముసలాయనను నవ్వించాలనిపించి సువార్త గ్లాసు అందుకుంది.

"మీకు గూడ పెడత పరీక్ష. ఇనుండ్రి." రెండుసార్లు కొట్టింది.

"లేపు," అన్నాడు రాయమల్లు వెంటనే.

ఆమె పకపకా నవ్వింది. "తప్పు. పైనున్న పంజరాన్ని ఇంకా లేపితే నెత్తి మీది చక్రాలకు కొట్టుకోని నుజ్జు నుజ్జయితది. సున్నా మార్కులు కాకా."

"మా బాయిల రెండంటే లేపుడే బిడ్డా. ఇరవై ఏండ్లు గట్లనే చేసిన. నోటికి ఎరికైనా చేతికి ఎరిక గాదు." ఆయన తన అరచేతుల్ని తిప్పి చూసుకున్నాడు. "ఈ వయసుల టబ్బులు నెట్టమంటే ఎట్ల నెట్టాలె?"

మత్తయి పళ్లెం పక్కకు జరిపాడు. "కాకా, రెండంటే దించు," అన్నాడు మెల్లగా.

"దించు. దించు."

"ఫికర్ చెయ్యకుండ్రి," అంది సువార్త. "మీ వంతు వచ్చేసరికి నేను నేర్పిస్త. రోజూ చాయకు రాండ్రి."

ఇద్దరూ ఒక్కసారే లేచారు. మగవాళ్లు పరీక్షలంటే ఇంత బెదిరిపోతారని ఆమెకు కాలేజీలోనే తెలుసు.

బయల్దేరుతూ మత్తయి మేకుకున్న తోలు టోపీ తీసుకున్నాడు, బాయిలో దిగేవాళ్లు పెట్టుకునేది.

"ఇంజన్ గదిల మీకు టోపీ ఎందుకు?"

అతను రాయమల్లు బోడితల వైపు చూసి టోపీని చంకలో పెట్టుకున్నాడు. కాక కోసమన్నమాట. ఇంత భయంలోనూ ఎదుటివాడి తల గురించి ఆలోచించే మొగుడు దొరికినందుకు సువార్తకు గాల్లో తేలినట్టయింది.

"చెయ్యి వణకనియ్యకుండ్రి," అంది గుమ్మంలో.

"నా చెయ్యి వణికితే ఏం గాదు."

ఆ ధీమాకు మురిసిపోయింది. అతను నాలుగడుగులు వేసి, తిరిగొచ్చి, ఇరుగుపొరుగు చూస్తుండగానే ఆమె చెంప తాకి వెళ్లాడు.

అతను వెళ్లాక ఆమెకు ఏ పనీ సాగలేదు. పొయ్యి మీద అన్నం మాడింది. ఉండబట్టలేక పక్క క్వార్టరు సారవ్వను వెంటబెట్టుకుని బాయి కంచె దగ్గరికి పోయింది. అప్పటికే రెండు బాయిల జనం రెండు వైపులా గుంపుకట్టారు.

పంజరం బాయి మూతి దగ్గర వేలాడుతోంది. ఊచల వెనక తోలు టోపీ పెట్టుకున్న మనిషి అటు తిరిగి నిలబడ్డాడు.

"పాపం కాక," అంది సువార్త. "ఊచను ఎంత గట్టిగ పట్టుకున్నడో చూడక్కా."

"మొక్కు బిడ్డా," అంది సారవ్వ.

సువార్త కళ్లు మూసుకుంది. ప్రభువా, మా ఆయన చేతుల్లో నీ చేతులు పెట్టు, కాకను కాపాడు.

గంట మోగింది. ఒకటి. రెండు.

కళ్లు తెరిచి ఇంజన్ గది కిటికీ వైపు చూసింది. మత్తయికి కనబడేలా చెయ్యెత్తాలనుకుంది. అద్దానికి అడ్డంగా నిల్చున్న దొర పక్కకు జరిగాడు.

లివరు ముందు రాయమల్లు కూర్చున్నాడు.